సతీష్ ధావన్ గారి చదువుల దారి

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు నన్ను కోరినప్పుడు, ముందుగా నా మనసులోకి వచ్చిన పేరు సూరి భగవంతం గారిది. మన జి. కొండూరుకు పొరుగునే ఉన్న ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, సర్ సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరై, 1957 నుంచి 1962 వరకు బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన మన ప్రాంతపు బిడ్డ ఆయన. అయితే వారిని గురించి మనవాళ్ళు అడపాదడపా రాస్తూనే ఉన్నారు. భగవంతం గారి తర్వాత అదే డైరెక్టరు కుర్చీలో కూర్చున్న వ్యక్తిని గురించి మనలో చాలామందికి పేరు తప్ప వేరే ఏమీ తెలియదు. ఆయనే సతీష్ ధావన్ గారు. పంజాబీ వారు. కాని ఆయన పేరు పెట్టుకున్న కేంద్రం ఉన్నది మన ఆంధ్రదేశంలోనే, శ్రీహరికోటలో.

ఆయన్ను ఎన్నుకోవడానికి ఇంకొక కారణం ఉంది. మన ఊళ్ళలో మామిడి కోతలు ముగిసే వేళకు పిల్లల ఎంట్రెన్సు పరీక్షల ఫలితాలు వస్తాయి. ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే చర్చ, ఏ బ్రాంచి తీసుకోవాలి అని. పెన్షనరుగా ఉన్న తాతగారిని కూడా ఆ చర్చలో కూర్చోబెడతారు. ఒకవేళ పిల్లవాడో పిల్లో విమానాలు, రాకెట్లు చదువుతానంటే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అటువంటి ఇళ్ళలో ఈ వ్యాసం ఒకసారి చదివితే బాగుంటుందని నా ఆశ.

ధావన్ గారు 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. తండ్రిగారు ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. చదువంతా లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో సాగింది. ఇక్కడే మన పిల్లల తల్లిదండ్రులు కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఉంది. ఆయన మొదట చదివినది గణితం, భౌతికశాస్త్రం ముఖ్య విషయాలుగా బి.ఎ. ఆ తర్వాత ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఎ. చేశారు. అది అయ్యాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టినట్టు మెకానికల్ ఇంజనీరింగులో చేరి 1945లో బి.ఇ. పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి ఆయనకు ఇరవై అయిదేళ్ళు. ఈ రోజుల్లో ఆ వయసుకు ఉద్యోగం రాకపోతే పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు కూడా ముఖం తిప్పుకుంటారు.

గణితం తర్వాత సాహిత్యం, సాహిత్యం తర్వాత యంత్రాలు. పైకి చూస్తే ఇది దారి తప్పిన చదువులా కనిపిస్తుంది. మన పెద్దలు చూసి ఉంటే ఈ కుర్రవాడు దేనిమీదా నిలబడడని తేల్చేసి ఉండేవారు. కాని తరువాతి కాలంలో ఆయన రాసిన నివేదికలు, ప్రభుత్వానికి పెట్టుకున్న ప్రణాళికలు ఎంత స్పష్టంగా ఉండేవో తెలిసినవారు ఆ ఎం.ఎ. వృథా పోయిందని అనుకోరు. ఇంజనీరు రాసిన కాగితం చదివి మంత్రికి అర్థం కాకపోతే పనికి డబ్బు రాదు. మనం ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళం, ఈ విషయం మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. తండ్రి పెద్ద ఉద్యోగంలో ఉన్న ఇంట్లో పుట్టబట్టి ఆయనకు ఇరవై అయిదేళ్ళ దాకా చదువుకునే వెసులుబాటు దొరికింది. అదే 1940లలో మన మెట్ట ప్రాంతంలో ఒక రైతు బిడ్డకు స్కూలు ఫైనలు దాకా చదవడమే గగనం. నా మట్టుకు నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరింది ఆ పని మీద మోజుతో కాదు, ముందుగా వచ్చిన ఆర్డరు అదే కాబట్టి. టెంక నాటిన మామిడి కాపుకు వచ్చేదాకా ఆగగలిగినవాడు వేరు, నాలుగేళ్ళలో కాయ చూడకపోతే అప్పు తీరనివాడు వేరు. ధావన్ గారి జీవితాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పాలి.

ఇంజనీరింగు పూర్తికాగానే ఆయన బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో ఒక ఏడాది పనిచేశారు. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1940లో నెలకొల్పిన సంస్థ అది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మిత్రరాజ్యాల విమానాలకు అక్కడ మరమ్మతులు జరిగేవి. దేశంలో విమానాన్ని విప్పి, బిగించి, చేత్తో పట్టుకుని చూడగలిగిన చోట్లు అప్పట్లో అతి కొద్ది. మెకానికల్ ఇంజనీరు విమానాల ఇంజనీరుగా మారినది ఆ కాలంలోనే అనుకోవచ్చు. ఎందుకంటే అక్కడినుంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్ళి ఆయన తీసుకున్న చదువు విమానశాస్త్రమే. 1947లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., ఆ తర్వాత కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో 1949లో ఏరోనాటికల్ ఇంజనీరు పట్టా, 1951లో అక్కడే డాక్టరేటు.

ఆయన అమెరికాలో ఉండగానే దేశం రెండుగా చీలింది. చదువుకున్న లాహోరు పరదేశం అయిపోయింది. చదువుకోవడానికి సముద్రాలు దాటి వెళ్ళిన కుర్రవాడు తిరిగి రావడానికి తన ఊరు తనకు మిగలలేదు. అయినా ఆయన తిరిగి వచ్చారు.

కాల్‌టెక్‌లో ఆయన గురువు హాన్స్ లీప్‌మన్ అనే పేరుపొందిన శాస్త్రజ్ఞుడు. అక్కడ ధావన్ గారు ఏమి పరిశోధించారో చెప్పడానికి నేను మన కాలువల భాషే వాడతాను. కాలువలో నీరు అన్నిచోట్లా ఒకే వేగంతో పోదు. నడుమ వేగం ఎక్కువ, గట్టు దగ్గర, అడుగున తక్కువ. నడికాలువలో ఒక బెండు ముక్క, గట్టు ఓరగా ఒక బెండు ముక్క వేసి చూస్తే చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది. గట్టు మట్టి నీటిని పట్టి ఆపుతుంది, అందుకే మేము ఒక్కచోట వేగం కొలిచి మొత్తం కాలువకు లెక్క కట్టేవాళ్ళం కాదు. ఎగిరే విమానం రెక్క మీద గాలి కూడా అంతే. రెక్కకు ఆనుకుని ఉన్న పలుచని పొరలో గాలి రెక్కను అంటిపెట్టుకుని నెమ్మదిస్తుంది. దీనినే బౌండరీ లేయర్ అంటారు. ఆ పొర రెక్కను వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు ఎంత అన్నది తెలియకపోతే ఇంజను ఎంత బలంగా ఉండాలో తెలియదు.

అప్పటిదాకా చాలామంది ఆ లాగుడును వేరే కొలతలనుంచి లెక్క కట్టి చెప్పేవారు. ధావన్ గారు నేరుగా కొలవాలనుకున్నారు. గాలి తగిలే పలకలో ఒక చిన్న ముక్కను విడిగా, స్వేచ్ఛగా కదిలేటట్టు అమర్చి, గాలి దానిని ఎంత బలంతో లాగుతున్నదో కొలిచే పరికరం తయారుచేశారు. ధ్వని కంటే తక్కువ వేగాలలోనే కాకుండా ధ్వనిని మించిన వేగంలో కూడా కొలిచి చూపారు. నాకు ఈ పని ఎంతో నచ్చుతుంది. ఊహను నమ్మకుండా స్కేలు పట్టుకుని దగ్గరకు వెళ్ళినవాడి పని ఇది.

1951లో ఆయన బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్‌లో సీనియర్ సైంటిఫిక్ ఆఫీసరుగా చేరారు. అక్కడ విమానశాస్త్ర విభాగం 1942లోనే, యుద్ధం అవసరాల వల్ల మొదలైంది. అమెరికాలో ఆయన చూసిన ప్రయోగశాలలతో పోలిస్తే ఇక్కడ ఏమీ లేదు. ఆయన విదేశాల నుంచి పెద్ద యంత్రాలు తెప్పించమని కూర్చోలేదు. స్థానికంగా దొరికిన సామానుతో, విద్యార్థుల చేతనే పనిచేయిస్తూ, ధ్వనిని మించిన వేగంతో గాలి వీచే చిన్న విండ్ టన్నెల్ కట్టించారు. దేశంలో ఆ రకానికి అది మొదటిది. ఆ అనుభవమే తరువాత బెంగుళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో 1967లో పనిలోకి వచ్చిన పెద్ద విండ్ టన్నెల్‌కు బాట వేసింది. మన దేశపు విమానాలు, రాకెట్ల నమూనాలు ఎన్నో పరీక్షకు నిలిచింది ఆ టన్నెల్‌లోనే.

ఆయన దగ్గర చేరిన తొలి విద్యార్థుల్లో రొద్దం నరసింహ గారు ఒకరు. ఆ ఇంటిపేరు అనంతపురం వైపున్న రొద్దం గ్రామానిది. నరసింహ గారు మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఇంట్లోవాళ్ళు రైల్వే వంటి స్థిరమైన ఉద్యోగం చూసుకోమంటున్నా వినకుండా విమానశాస్త్రంలో చేరారు. ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో నిలిపి ఉంచిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని చూసి ఆయన మనసు అటు మళ్ళిందట. తరువాత ప్రపంచం మెచ్చిన శాస్త్రజ్ఞుడై 2020లో కన్నుమూశారు. గురువూ మెకానికలే, శిష్యుడూ మెకానికలే.

ఈ విషయం మా ఇంట్లో పనికి వచ్చింది. మా మనుమరాలు ఇంటర్ అయ్యాక రాకెట్లు చదువుతానని పట్టుబట్టింది. మా అబ్బాయి కంప్యూటర్లు తప్ప వేరే మాట వినడు. రాష్ట్రంలో ఏరోస్పేస్ బ్రాంచి ఉన్న కాలేజీలు కొద్ది, చదివాక ఉద్యోగాలు ఇచ్చేవారు ఇంకా కొద్ది అని వాడి భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. అయితే ఇస్రోలో సైంటిస్టు ఇంజనీరు ఉద్యోగాలకు ప్రకటనలు వచ్చినప్పుడు పరిశీలనగా చూడండి, ఎక్కువ పోస్టులు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్సు చదివినవారికే ఉంటాయి. రాకెట్ అంటే తొట్లు, పైపులు, వాల్వులు, వైర్లు, లెక్కలు. నేరుగా అదే చదవాలనుకున్నవారికి తిరువనంతపురంలో 2007లో అంతరిక్ష శాఖ వారే పెట్టిన కళాశాల ఉంది, ఐ.ఐ.టి.లలో మద్రాసు, బొంబాయి, కాన్పూరు, ఖరగ్‌పూరులలో ఆ విభాగాలు ఉన్నాయి. అవి రాకపోయినంత మాత్రాన తలుపు మూసుకుపోదు. ధావన్ గారి చదువుల వరస ఒక కాగితం మీద రాసి తండ్రీకూతుళ్ళ ముందు పెట్టాను. చివరికి మెకానికల్ మొదటి ఆప్షనుగా పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇక మన కథలోకి వద్దాం. ధావన్ గారు 1955లో విభాగానికి అధిపతి అయ్యారు. 1962లో భగవంతం గారు రక్షణ శాఖ శాస్త్ర సలహాదారు బాధ్యతల్లోకి పూర్తిగా వెళ్ళడంతో డైరెక్టరు పదవి నలభై ఒక్క ఏళ్ళ ధావన్ గారికి వచ్చింది. 1981 దాకా, అంటే పందొమ్మిదేళ్ళు ఆ పదవిలో ఉన్నారు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ గారు హఠాత్తుగా మరణించారు. దేశపు అంతరిక్ష కార్యక్రమం పెద్దదిక్కు లేనిదైపోయింది. ధావన్ గారు అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్నారు. ప్రధాని ఇందిరాగాంధీ గారు కబురు పంపారు. మనలో ఎవరికైనా ప్రధాని దగ్గరనుంచి అటువంటి పిలుపు వస్తే ఏమి చేస్తాం? రాత్రి రైలుకే బయలుదేరుతాం. ఆయన మాత్రం మూడు విషయాలు ముందుగా తేల్చుకున్నారు. అమెరికాలో ఒప్పుకున్న పని పూర్తిచేసుకుని వస్తాననీ, ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరుగా కూడా కొనసాగుతాననీ, అంతరిక్ష శాఖ ప్రధాన కార్యాలయం బెంగుళూరులోనే ఉండాలనీ. ప్రభుత్వం ఒప్పుకుంది. ఆయన వచ్చేదాకా ఎం.జి.కె. మీనన్ గారు బాధ్యతలు చూశారు. 1972 సెప్టెంబరులో ధావన్ గారు ఇస్రో పగ్గాలు చేపట్టారు. పాఠం చెప్పే పనిని వదులుకోనన్న పట్టుదల ఆ షరతుల్లో నాకు కనిపిస్తుంది.

శ్రీహరికోట సంగతికి వస్తే, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఆ దీవిని 1969లోనే ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ధావన్ గారి హయాములో అది పూర్తిస్థాయి ప్రయోగ కేంద్రమైంది. ఆ దీవి అంతకుముందు ఖాళీ స్థలం కాదు. యానాదులు అక్కడి అడవినీ సరస్సునూ నమ్ముకుని తరతరాలుగా బతుకుతున్నారు. రాకెట్ కేంద్రం వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. దేశానికి జరిగిన మేలు చెప్పుకునేటప్పుడు ఆ ఖర్చు ఎవరి పద్దులో పడిందో కూడా రాసుకోవాలి. దీవిలోని చెట్టూ చేమా, పక్షీ పాడుకాకుండా కట్టడాలు సాగాలని ధావన్ గారు పట్టుపట్టారని ఆయనతో పనిచేసినవారు చెబుతారు. ఈనాటికీ ఆ కేంద్రం చుట్టూ దట్టమైన పచ్చదనం మిగిలి ఉంది. 2019 జూలై 22న చంద్రయాన్-2 ప్రయోగం చూడటానికి అక్కడి సందర్శకుల గ్యాలరీకి వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను.

మన సొంత ఉపగ్రహ వాహనం ఎస్.ఎల్.వి.-3 తయారీకి నాయకుడు అబ్దుల్ కలాం గారు. ఇరవై రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, పదిహేడు టన్నుల బరువు, నాలుగు అంచెలు. 1979 ఆగస్టు 10న తొలిసారి వదిలితే అయిదు నిమిషాల పైచిలుకు ప్రయాణం చేసి బంగాళాఖాతంలో పడిపోయింది. రెండవ అంచెను అదుపుచేసే వ్యవస్థలో ఆమ్లం కారిపోవడం కారణమని తరువాత తేలింది. ఆ రోజు పత్రికల వాళ్ళ ముందుకు వెళ్ళింది ధావన్ గారు. కలాం గారిని ముందుకు తొయ్యలేదు. వైఫల్యం సంస్థదనీ, తన మనుషుల మీద తనకు నమ్మకం ఉందనీ, వచ్చే ఏడాదికి సాధిస్తామనీ చెప్పి వచ్చారు. 1980 జూలై 18న రెండవ ప్రయోగంలో ముప్పై అయిదు కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు మాత్రం పత్రికల వాళ్ళతో మాట్లాడమని కలాం గారిని పంపి తాను పక్కకు తప్పుకున్నారు. కలాం గారు ఈ సంగతిని బతికినన్నాళ్ళూ సభల్లో చెప్పుకున్నారు. మనం ఎంతమంది పై అధికారుల దగ్గర పనిచేశామో లెక్క వేసుకుంటే, ఇటువంటివారు ఎందరు తగిలారో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఆయన కాలంలో జరిగినవన్నీ రాయాలంటే ఈ సంచిక చాలదు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ నుంచి ఆర్యభట్ట ఎగిరింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 1982లో ఎగిరిన ఇన్సాట్-1ఎ కొన్ని నెలలకే పాడైంది. 1983లో ఇన్సాట్-1బి నిలబడింది. ఆదివారం ఉదయం పంచాయతీ ఆఫీసు ముందు టి.వి.లో రామాయణం చూసిన మనకు ఆ ఉపగ్రహం పేరు తెలియకపోయినా దాని మేలు తెలుసు.

కృష్ణా జిల్లా వాళ్ళం కాబట్టి ఇంకొక లెక్క చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. శవాలు తీయడానికి వెళ్ళిన మన శాఖల ఉద్యోగులు కొందరు తరువాత చాలాకాలం అన్నం సరిగా తినలేకపోయారు. 1990 మే నెలలో అదే తీరానికి మళ్ళీ భయంకరమైన తుపాను వచ్చింది. ఈసారి ఇన్సాట్ ఆకాశం నుంచి తుపానును కనిపెడుతూ ఉంది, హెచ్చరికలు ముందుగా అందాయి, అధికారులు లక్షల మందిని తరలించారు. పోయినవారు వెయ్యి లోపే. అది కూడా తక్కువ సంఖ్య కాదు, కాని 1977ను చూసినవాళ్ళకు ఆ తేడా ఏమిటో తెలుసు.

1981లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. 1984లో ఇస్రో బాధ్యతలు యు.ఆర్. రావు గారికి అప్పగించారు. ఉద్యోగ విరమణ తర్వాత ఆయన చేసిన పని మన పెన్షనర్లు వినదగ్గది. విమానాల రెక్కల మీద గాలిని కొలిచిన మనిషి పక్షుల రెక్కల వైపు చూడటం మొదలుపెట్టారు. ఏ పక్షి ఎంత బరువుంటుంది, రెక్క ఎంత పొడవు, ఎంత వేగంతో ఆడిస్తుంది, గాలిలో నిలకడగా ఎలా తేలుతుంది అన్నవన్నీ లెక్కలు వేసి, బొమ్మలతో పుస్తకంగా రాశారు. 1991లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దానిని ప్రచురించింది. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది.

2002 జనవరి 3న బెంగుళూరులో ధావన్ గారు పరమపదించారు. అదే ఏడాది సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు.

మన సభ్యులు ఎవరైనా చూడదలిస్తే విజయవాడలో రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాలి. అక్కడినుంచి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద పద్దెనిమిది కిలోమీటర్లు. ప్రయోగం ఉన్న రోజు గ్యాలరీకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, మోకాళ్ళ నొప్పులున్నవారు ఒక మనిషిని తోడు తీసుకెళ్ళడం మంచిది. ప్రయోగం లేకపోయినా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళితే ఆ రోడ్డుకు రెండువైపులా నీళ్ళలో ఫ్లెమింగోలు వేలల్లో కనిపిస్తాయి. ఉదయం ఎండ ముదరక ముందే చేరుకోండి, ఒక దుర్భిణి ఉంటే వెంట ఉంచుకోండి.